కొత్త టోపీ పాతదైన రోజు

ఆ పొద్దు నిజామాబాద్ బజారులో నా మాట పడిపోయినప్పుడు, ఎదురుగా కూర్చున్న హోల్‌సేల్ సేటు దాన్ని కొత్త రకం బేరం అనుకొని ధర తగ్గించాడు, సహోదరులారా!

ఇది నవ్వులాటకు రాస్తున్న మాట కాదు, జరిగినదే రాస్తున్నాను. మన సంఘ పత్రిక చదివే మీలో సగం మంది నా దుకాణంలో పిల్లలకు గౌన్లు, నిక్కర్లు కొన్నవాళ్ళే, తక్కిన సగం నా బేరానికి భయపడి పక్క దుకాణంలో కొన్నవాళ్ళు. బోధన్‌లో రెడీమేడ్ సుగుణ అంటే నేనే. ఆ రోజు గౌన్ల మూటల ముందు కూర్చొని సేటుతో వాదిస్తూ వాదిస్తూ ఉండగా నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది, నాలుక ఎవరిదో అన్నట్టు అయిపోయింది, నేను కళ్ళు పెద్దవి చేసుకొని సేటు మొహంలోకే చూస్తూ ఉండిపోయాను. నా సంగతి ఎరిగిన మనిషి గనుక ఆయన బెదిరిపోయాడు. "అక్కా, గట్ల సూడకు. ఇంగో కొంచెం తగ్గిస్త తీ" అన్నాడు. నేను పలకలేదు. "సరే, నీకు నాకు ఎన్నేండ్ల దోస్తాన, ఇంకింత తగ్గిస్త" అన్నాడు. జీవితంలో అంత మంచి బేరం నేనెప్పుడూ చేయలేదు, దాన్ని ఒప్పుకుందామంటే నోరు రాలేదు! అట్లా చూస్తూ చూస్తూనే ఆ గౌన్ల మూట మీదికి ఒరిగిపోయాను.

పక్షవాతం అన్నారు. మెదడులో మాట పుట్టే చోటికి రక్తం అందలేదని డాక్టరు గారు మా ఇంటాయనకు బొమ్మ గీసి చెప్పారు. దేవుని కృప వల్ల ప్రాణం దక్కింది, కాలు కొంతకాలానికి కర్ర సాయంతో దారికి వచ్చింది, కుడిచెయ్యి మాత్రం వేలాడుతూ ఉండిపోయింది. మాట సంగతి చెప్పాలంటే నాకే సిగ్గు, అయినా చెప్తాను. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. అది స్తోత్రం అనే మాట అయితే ఎంత బాగుండేది! యేసయ్యా అనే పేరైనా ఎంత ధన్యురాలిని! నాకు మిగిలింది, అవతలివాడు ధర తగ్గించినప్పుడు మొహం చిట్లించి మేము అనే మాట: "గింతేనా?"

నిజామాబాద్‌లో మా బాపుది కట్‌పీసుల దుకాణం. ఒక పక్క మరాఠీ ఆయన గిన్నెల దుకాణం, ఇంకో పక్క అత్తరు అమ్మే సాయిబు గారి దుకాణం. గల్లా పక్కన చెక్కపెట్టె మీద కూర్చొని అక్షరాల కంటే ముందు మూడు భాషల్లో 'గిట్టదు' అనడం నేర్చుకున్న పిల్లను నేను. చిన్నప్పటి నుంచి ఎక్కువసార్లు పలికిన మాట ఏదో, తుపాను వచ్చి ఇంట్లో సామానంతా కొట్టుకుపోయినా గోడకు మిగిలిన మేకులాగా అదే మిగిలింది కాబోలు.

మంచినీళ్ళు కావాలంటే "గింతేనా" అనేదాన్ని. కాలు లాగుతున్నదంటే "గింతేనా". మా ఇంటాయన అన్నం వడ్డిస్తే, చాలు అని చెప్పబోయి "గింతేనా" అంటే, పాపం ఆయన ఇంకో గరిటె వేసేవాడు. నేను ఏడుస్తూ తినేదాన్ని. ఆయన ఎంత మెత్తని మనిషంటే, నేను మంచం పట్టిన కాలంలో దుకాణంలో కూర్చొని వచ్చినవాళ్ళు అడిగిన ధరకే అన్నీ ఇచ్చేవాడు, పైగా వాళ్ళకు టీ తెప్పించేవాడు. వెనక గదిలో నుంచి అంతా వింటూ, కడుపు మండి "గింతేనా!" అని అరిచేదాన్ని. సహోదరులారా, ఆ కాలమంతటిలో నా మాట సరిగ్గా అతికింది అక్కడొక్కచోటే.

ఒక సాయంకాలం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరయ్య నా తల మీద చెయ్యి పెట్టి ఎంతో భారంతో, చెమటలు కారేటట్టు, చాలాసేపు ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నా గుండె నిండిపోయింది, స్తోత్రమయ్యా అని చెప్పాలని బలమంతా కూడగట్టుకొని నోరు తెరిచాను. "గింతేనా?" అని వచ్చింది. పిల్లలు పక్కున నవ్వారు. పెద్దలు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య మాత్రం మంచి మనసుతో మళ్ళీ మోకరించి, ఇంకా ఎక్కువసేపు ప్రార్థించారు. ఈ సంగతి ఇప్పుడు తలచుకొని నేనే ఎక్కువ నవ్వుతాను గానీ, ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి పడుకొని, ఇక ఈ నోరు తెరవనని తీర్మానం చేసుకున్నాను. తెరవలేదు కూడా. మాట నేర్పే అమ్మాయి ఆసుపత్రిలో అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు కదిలించమంటే కూడా బిగబట్టుకొని కూర్చునేదాన్ని. నీ నోటికి దేవుడు పెట్టిన తాళమిది అన్నవాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు గానీ, నా తండ్రి అట్లాంటివాడు కాడని అప్పుడే నాకు తెలుసు. ఆ ఒక్క సంగతే నన్ను బతికించింది. లోపల మాత్రం ఆయనతో బేరానికి దిగేదాన్ని: "ప్రభువా, నా మాట నాకియ్యి. నీకేం గావాల్నో చెప్పు, నేను కాదన." ఆయన ఏమీ అడగలేదు. ధర చెప్పని వ్యాపారిని నేనెప్పుడూ చూడలేదు, అందుకని నాకు ఇంకా భయం వేసింది.

అట్లాంటి చీకటిలో ఎస్తేరక్క వచ్చింది. మీకు తెలిసినామే, నర్సుగా చేసి రిటైరయింది, కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో సేద్యం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది, ఇప్పటికీ మాట ఆ వైపుదే. సంచిలో నుంచి ఊలు ఉండలు, రెండు అల్లిక సూదులు తీసి నా మంచం మీద పోసింది.

"ఏవమ్మా సుగుణా, నోరు అలిగి కూర్చుంటే చేతులేం పాపం చేశాయి? ఒకటి బాగానే ఉందిగా. లే!"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వినే రకమా? ఒక సూదిని నా కుడి చంకలో, జ్వరం చూసే థర్మామీటరు పెట్టినట్టు ఇరికించింది. "ఇట్టా బిగించి పట్టుకో. ఆ చెయ్యి ఊరికే పట్టుకుంటే చాలు. పనంతా ఎడంచేత్తో చెయ్యి. క్రిస్మస్‌కి మన స్త్రీల సంఘం పెద్దాసుపత్రిలో పుట్టిన పిల్లలకి టోపీలు పంచుద్ది. బొమ్మలు కూడా. నువ్వూ అల్లాలి, తప్పదు" అంది.

నా మొదటి టోపీ బెల్లం పాకం వడగట్టే గుడ్డలాగా వచ్చింది. మొదటి ఎలుగుబంటి బోడకాకరకాయలాగా వచ్చింది, దానికి కళ్ళు కుడితే భయపడ్డ బోడకాకరకాయ అయింది. ఊలు కొనడానికి మా ఇంటాయనను పంపితే దుకాణంవాడు అమ్ముడుపోని రంగంతా ఆయనకే కట్టబెట్టాడు. అందుకని నేను అల్లినవన్నీ పసుపు రంగే, మా మంచం మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పోసినట్టుండేది. అయినా సహోదరులారా, ఆ చంకలో సూది బిగించి పట్టుకోవాలని ప్రయత్నం చేసి చేసి నా కుడి భుజం మెల్లగా మాట వినడం మొదలుపెట్టింది, తరువాత మణికట్టు, తరువాత బొటనవేలు కదిలింది! డాక్టరు గారు చూసి ఇదే మందు అన్నారు, మింగే మందులు మాత్రం మానవద్దన్నారు, నేను మానలేదు. ఒక్కో వరుస అల్లుతూ, ఈ టోపీ ఏ తల్లి బిడ్డ తల మీదికి పోతుందో గానీ ఆ తలను కాపాడు తండ్రీ అని మనసులో అనుకునేదాన్ని. నా సంగతి అడగడం మరిచిపోయిన వరుసలు కూడా ఉన్నాయి. గోడవైపు తిరిగి పడుకోవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు. నోరు మాత్రం మూసే ఉంచాను.

క్రిస్మస్ దగ్గర పడింది, ఆ ఏడు చలి కూడా గట్టిగానే పడింది. స్త్రీల సంఘం వాళ్ళం ఆటోలో నిజామాబాద్ పోయాము. పెద్ద దవాఖానలో కాన్పుల వార్డు. ఎస్తేరక్క ముందు, సంచి మోసుకొని నేను వెనక. మొదటి మంచం దగ్గర టోపీ ఇస్తే, వద్దన్నారు. రెండో మంచం దగ్గర, వద్దన్నారు. ఆ వరుసంతా అంతే. బొమ్మ తీసుకున్నవాళ్ళు కూడా టోపీని ముట్టుకోలేదు!

అప్పుడు నాకు తట్టింది. నా తలకాయ కాకపోతే, ఇన్నేళ్ళు పిల్లల బట్టలు అమ్మిన నాకు తెలియనిదా! మన దిక్కు పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తొడగరు. తొట్టెలలో వేసే రోజు దాకా పాతదే, అది కూడా ఆరోగ్యంగా పెరిగిన పిల్లలు వాడి విడిచినదే. అందుకే కదా నేను నా దుకాణంలో పురిటి బిడ్డల బట్టలు పెట్టనే పెట్టను, ఎవరూ కొనరని! ఊరంతటికీ ఆ సంగతి చెప్పే నేను, కొత్త ఊలు తెచ్చి, కొత్త టోపీలు అల్లి, మెరిసే కవర్లలో కట్టి తీసుకొచ్చాను. మా బాపు బతికి ఉంటే గల్లా పక్క నుంచి లేపి అవతల కూర్చోబెట్టేవాడు.

ఆ వరుస చివర మంచం మీద ధర్పల్లి వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు బాలింత పడుకొని ఉంది. పక్కన ఆమె తల్లి లింగవ్వ. ఒడిలో బిడ్డ. నెలలు నిండకముందే పుట్టిన ఆడపిల్ల, ఎంత ఉందంటే నేను చెప్పలేను, నా గౌన్లలో అన్నింటికంటే చిన్నది కూడా ఆ బిడ్డకు దుప్పటి అవుతుంది. తలకు చివికిన పాత పంచె ముక్క చుట్టారు, అది జారిపోతున్నది, లింగవ్వ సర్దుతున్నది, మళ్ళీ జారుతున్నది. తల చల్లబడితే ఈ బిడ్డ తట్టుకోదని, వెచ్చగా ఉంచకపోతే మళ్ళీ వేడి పెట్టెలో పెట్టవలసి వస్తుందని సిస్టరమ్మ అప్పుడే చెప్పి పోయింది. ఎస్తేరక్క బతిమాలింది, నర్సు భాషలో చెప్పింది, గుంటూరు భాషలో గద్దించింది. లింగవ్వ కదల్లేదు. "నేను వెళ్ళి సిస్టర్ని తీసుకొస్తా, నువ్విక్కడే ఉండు" అని నాతో చెప్పి ఎస్తేరక్క పోయింది.

నేనూ లింగవ్వా మిగిలాము. పంచె ముక్క మళ్ళీ జారింది. ఆ చిన్న తల, పైన నీలంగా కొట్టుకుంటున్న నరం నాకు కనిపించాయి. లోపల "తండ్రీ, నా మాటకిప్పుడు పని పడ్డది" అన్నాను, అంతే, అంతకంటే ప్రార్థన చేయడానికి సమయం లేదు. నోరు తెరిచాను.

"గింతేనా?"

లింగవ్వ కళ్ళెర్రజేసింది. "ఏంది గింతేనా? అవు, గింతే పుట్టింది నా మనుమరాలు. నీకేమన్న నవ్వులాటగున్నదా? పో, పోవమ్మ ఈడికెల్లి!"

నాకు ఏడుపొచ్చింది, పోదామనుకున్నాను. కాని, సహోదరులారా, కొనేవాడు పొమ్మన్నప్పుడే అసలు బేరం మొదలయ్యేదని నేర్చుకున్న పిల్లను నేను. సంచిలో నుంచి నా పసుపు ఎలుగుబంటిని తీసి, టోపీని దాని నెత్తిన పెట్టి, తీసి, లింగవ్వ ముందు పట్టుకున్నాను. అప్పుడు, దేవునికే మహిమ కలుగును గాక, నా నోట్లో నుంచి రెండో మాట వచ్చింది.

"పాతది!"

అది నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.

"ఏంది?" అంది లింగవ్వ.

"గిది... పాతది. గీ ఎలుగు... పెట్టుకున్నది. ఇడిసింది."

లింగవ్వ ఎలుగుబంటిని ఎగాదిగా చూసింది. "గది ఎలుగా? కాకరకాయనుకున్న" అంది. తరువాత తల ఊపింది. "బొమ్మ పెట్టుకుంటే పాతదెట్లయితది? జీవమున్నోళ్ళు తొడగాలె. బతికి బట్టకట్టినోళ్ళది కావాలె, అమ్మా, పోరికి గా బలం రావాలంటే."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో మీకు నేను రాసి చెప్పలేను. ఆ టోపీని తీసి నా ముసుగు మీద నా నెత్తిన పెట్టుకున్నాను. కొబ్బరికాయ మీద చిప్ప పెట్టినట్టు అది నడినెత్తిన నిలబడింది. వార్డంతా నవ్వింది. నేను పట్టించుకోలేదు. మాటలు ఒకటి వెనక ఒకటి, తలుపు దగ్గర తొక్కిసలాడే జనంలాగా వస్తున్నాయి.

"నేనున్న గదా అవ్వా! నేను... సచ్చి బతికిన. చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. సూడు, గీ చెయ్యి లేస్తున్నది. గిప్పుడు మాట్లాడుతున్న. నాకంటె బతికి బట్టకట్టినోళ్ళు నీకు గీ వార్డుల ఎవ్వరు దొరుకుతరు? నేను తొడిగి ఇడిసిన. దీనికంటె పాతది లేదు, దీనికంటె బలమైంది లేదు. తీస్కో!"

లింగవ్వ నా మొహంలోకి చూసింది. కింద నుంచి పైకి, కర్రను, చేతిని, నెత్తి మీద టోపీని చూసింది. ఆమె మూతి వంకర పోయింది, నవ్వు ఆపుకుంటున్నదని తెలుస్తున్నది.

"మరి గా కాకరకాయ?"

"అది గూడనా?"

"కొసరుకు. కొసరు ఎయ్యకుంట ఎట్ల తీస్కుంట?"

సహోదరులారా, నన్ను బేరంలో ఓడించిన మనిషిని ఇన్నేళ్ళలో అప్పుడే చూశాను! ఎలుగుబంటిని కూడా ఆమె ఒడిలో పెట్టాను. లింగవ్వ నా నెత్తి మీద టోపీని తన చేతితోనే తీసి, దులిపి, బిడ్డ తలకు తొడిగింది. అది జారలేదు. చెవుల దాకా దిగి నిలిచింది. బిడ్డ తల్లి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నది.

సిస్టరమ్మను వెంటబెట్టుకొని వచ్చిన ఎస్తేరక్క వాకిట్లోనే నిలబడిపోయింది. నేను అప్పటికే పక్క మంచం వాళ్ళ దగ్గర, తరువాత ఆ పక్క మంచం దగ్గర ఒక్కో టోపీ నెత్తిన పెట్టుకుంటూ, తీస్తూ, వాదిస్తూ ఉన్నాను. మాటలు తడబడుతున్నాయి, ఒకటి అనబోతే ఇంకొకటి వస్తున్నది, అయినా ఆగడం లేదు. ఎస్తేరక్క అక్కడే బల్ల మీద కూలబడి, "దేవా, ఇంకెవరు ఆపుతారయ్యా దీన్ని!" అంది. అది కూడా స్తోత్రమే అని నేను నమ్ముతున్నాను.

ఇంటికి వచ్చి మా ఇంటాయనను పేరు పెట్టి పిలిచాను. ఎన్ని నెలల తరువాతనో! ఆయన దుకాణంలో గౌను మడత పెడుతూ అలాగే వదిలేసి వచ్చాడు. "ఏం గావాలె?" అన్నాడు. "ఏం వద్దు, పిలవాలనిపించింది" అన్నాను.

ఇప్పటికీ కొన్ని మాటలు నాకు దొరకవు. మాట నేర్పే అమ్మాయి దగ్గరికి పోతూనే ఉన్నాను, ఇప్పుడు పెదవులు బిగబట్టడం లేదు. మన సంఘంలో ఒక కొత్త అలవాటు వచ్చింది, మీరు చూసే ఉంటారు: అల్లిన టోపీలన్నీ ముందు మన ఆదివారపు బడి పిల్లలు నెత్తిన పెట్టుకొని పాటలు పాడతారు, పెద్ద పిల్లలకు అవి నడినెత్తి మీద నిలబడి ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. తరువాత సిస్టరమ్మ చెప్పినట్టు వేడి నీళ్ళలో ఉతికి, ఎండకు ఆరబెట్టి పంపుతాము. బతికి బట్టకట్టిన పిల్లలు విడిచిన టోపీలంటే ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఎండాకాలంలో నా దుకాణం మెట్లెక్కి ఒక ముసలామె వచ్చింది. చంకలో బొద్దుగా ఒక ఆడపిల్ల, ఆ పిల్ల చేతిలో చెవి నమిలి నమిలి పీచు లేచిన పసుపు ఎలుగుబంటి. సిస్టరమ్మ దగ్గర నా జాడ తీసుకొని, ధర్పల్లి నుంచి బస్సులు మారి, ఊర్లు అడుగుతూ వచ్చిందట లింగవ్వ. "పోరికి గౌను గావాలె, కొత్తది" అంది. నేను తీసి చూపించాను. ధర చెప్పాను. ఆమె అడిగింది, నేను తగ్గించాను. అప్పుడామె మూతి తిప్పి, గౌనును అటూ ఇటూ తిరగేసి, అంది కదా:

"గింతేనా?"

నా మాట మళ్ళీ ఆగిపోయింది. ఈసారి రోగం వల్ల కాదు. ఆ పిల్ల నా వేలు పట్టుకొని లాగుతున్నది, నేను కళ్ళు పెద్దవి చేసుకొని లింగవ్వను చూస్తూ ఉండిపోయాను. అంత గట్టి బేరగత్తె కూడా బెదిరిపోయింది.

"సరే సరే, నువ్వు చెప్పిందే ఇస్త తీ. గట్ల సూడకు బిడ్డా" అంది.

గౌను ఊరికే ఇచ్చాను. ఇన్నేళ్ళ దుకాణంలో మొదటిసారి. నా ప్రభువు నాకు తిరిగి ఇచ్చినదానికి ధర చెప్పలేదు గనుక, నాకూ ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. అది ఆ ఒక్క రోజుకే, ఎవరూ ఆశ పెట్టుకోకండి.

ప్రియులారా, ఇది చదువుతూ గోడవైపు తిరిగి పడుకున్నవారు మీలో ఎవరైనా ఉంటే, నోరు రాకపోయినా, వచ్చిన ఒక్క మాటా తప్పు మాటే అయినా, దానితోనే ఆయన దగ్గరికి రండి. ఆయనకు మన భాష తెలుసు. నాకు ఎస్తేరక్కను పంపినట్టు మీకూ ఎవరినో ఒకరిని పంపుతాడు, తలుపు తీయండి. రాలేకపోతే మన స్త్రీల సంఘానికి కబురు చేయండి, సూదులు సంచిలో వేసుకొని నేనే వస్తాను, చంకలో ఎట్లా ఇరికించాలో చూపిస్తాను. పసుపు ఊలు ఇంకా చాలా మిగిలి ఉంది. నా నోటికి మాటను, ఆ చిట్టితల్లికి ఊపిరిని ఇచ్చిన దేవునికే మహిమ! ఆమెన్.